గొట్టముపైని అంకె: పెద్దజంతువుల వేటతుపాకిని గూర్చిన అపోహలు, వాస్తవములు

కొలరాడో కొండలలో ఎల్క్ దుప్పిని వేటాడదలచి జీవితమున తొలిసారిగా రైఫిలు కొనబోవు వానికి, తుపాకుల అంగడిలో అడుగిడినతోడనే ఎదురగు ప్రశ్న ఒక్కటియే: కాలిబర్ ఏది? అమెరికాలో ఈ ప్రశ్న చుట్టును అల్లుకొన్న వాదము, మన పూర్వులు శైవవైష్ణవ భేదములపై సలిపిన వాదములకు తీవ్రతలో ఏమాత్రమును తీసిపోదు. ఔట్‌డోర్ లైఫ్ పత్రికలో దశాబ్దములపాటు వ్రాసిన జాక్ ఓకానర్, తేలికగుండును వేగముగా పంపి తగుచోట తగిలించిన చాలునని .270 విన్‌చెస్టర్ పక్షమున నిలువగా, ఐడహో వాసియైన ఎల్మర్ కీత్, లావును బరువును గల గుండు లేనిదే ఎల్క్ జోలికి పోరాదని జీవితాంతము పట్టుపట్టెను. ఇరువురును అడవిని ఎరిగినవారు, ఇరువురును గురి తప్పనివారు. వారి శిష్యులు మాత్రము గురువుల అనుభవమును విడిచి అంకెలను పట్టుకొనిరి. మన దేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముతో వినోదపు వేట ముగిసినది గనుక, ఈ చర్చ అనుమతిపత్రముపై వేట సాగు దేశములకు చెందినదే. అయినను ఈ అంకెల చరిత్రలో మన దేశమునకును ఒక పాత్ర కలదు.

అంకె పెరిగినకొలది బలము పెరుగునన్నది మొదటి అపోహ. కాలిబర్ అనగా గొట్టపు రంధ్రముయొక్క వ్యాసము, లేదా సుమారుగా గుండుయొక్క వ్యాసము మాత్రమే. తూటాలో ఎంత మందు పట్టునో, గుండు ఎంత బరువుండునో, ఎంత వేగమున వెడలునో అది చెప్పదు. 1952లో వచ్చిన .308 విన్‌చెస్టర్, 1906 నాటి .30-06 స్ప్రింగ్‌ఫీల్డ్, 1963 నాటి .300 విన్‌చెస్టర్ మాగ్నమ్ అను మూడును విసరునది ఒకే వ్యాసపు గుండు, అంగుళమున వేయింట 308 వంతులది. భేదమంతయు దాని వెనుకనున్న మందులోనిదే. ఇక పేర్లలోని అంకెలను నమ్మినవాడు వీథిలోనే దారి తప్పును. .30-06లో చివరి అంకె సైన్యము దానిని స్వీకరించిన సంవత్సరము; .30-30లో చివరి అంకె తొలినాళ్ళలో తూటాకు పోసిన మందు తూకము; .270 అనబడు దాని గుండు నిజమునకు .277 అంగుళము. జర్మనుల 7×57 మౌజర్ తూటాయే లండనులోని రిగ్బీవారి చేతిలో .275 అయినది. 1907లో చంపావత్ నరభక్షకియైన పులిని కూల్చిన జిమ్ కార్బెట్‌కు బహూకరింపబడిన రైఫిలు ఆ .275 రిగ్బీయే, రుద్రప్రయాగ చిరుతను 1926లో ముగించినదియు అదియే.

అదే 1907లో బ్రిటిషు ప్రభుత్వము, తిరుగుబాటుదారుల చేతికి చిక్కిన పాత మార్టినీ-హెన్రీ సైనిక తుపాకులకు తూటాలు దొరకకుండ చేయు తలంపుతో, భారతదేశమునను సూడానునను .450 కాలిబరును నిషేధించెను. ఆంగ్లేయ తుపాకి నిర్మాతలకు ఏనుగులవేటకు అంతవరకును ప్రియమైన కొలత అదియే గనుక, వారు దాని ప్రక్కనే .465, .470, .475 అని పేర్లు మార్చి వెంట్రుకవాసి భేదములతో క్రొత్త తూటాల నొక గుంపుగా దించిరి. వాని బలములు ఇంచుమించు ఒక్కటియే. నేటి వేటకాడు .470 గొప్పదా .465 గొప్పదా యని నిద్ర మానుకొని వాదించునపుడు, తాను తర్కించుచున్నది ఒక నిషేధపు ఉత్తరువుయొక్క సంతానమును గూర్చియని ఎరుగడు.

రెండవ అపోహ మరింత మొండిది. పెద్దగుండు తగిలినతోడనే జంతువు తన్నివేసినట్లు వెల్లకిలపడునని చలనచిత్రములు నేర్పినవి. లెక్క చూతము. .30-06లో సాధారణముగా వాడు గుండు 180 గ్రెయినులు, అనగా సరిగా ఒక తులము, మన తాతలనాటి వెండి రూపాయి ఎత్తు. అది గొట్టము విడుచునపుడు సెకనుకు 2,700 అడుగుల వేగముండును. ఆ తులపు సీసము 320 కిలోల ఎల్క్‌లో ఇమిడిపోయి తన చలనమంతయు దానికి ధారపోసినను, ఆ జంతువు సెకనుకు మూడు సెంటీమీటర్ల చొప్పున మాత్రము కదలును. చీమకన్న విశేషమేమియు కాదు. న్యూటను మూడవ సూత్రము వేటకాని పక్షమున మినహాయింపు ఇయ్యదు: గుండు జంతువును పడద్రోయగలిగినచో, తుపాకి మడమ అంతకుముందే వేటకానిని పడద్రోసియుండవలెను. జంతువు చచ్చుట రక్తము కోల్పోయి మెదడునకు ప్రాణవాయువు అందకపోవుటచేతనే. ఊపిరితిత్తులలో దెబ్బతిన్న ఎల్క్ నూరు గజములు పరుగిడి పిదప కూలుట సహజము; అక్కడికక్కడే కూలినచో గుండు వెన్నుపూసనో మెదడునో తాకినదని అర్థము. అందువలన అంకె కంటె ముఖ్యమైనది గుండు ఎచ్చట తగిలెను, ఎంత లోతు చేరెను అనునదే.

ఈ మాట వినినవాడు వెంటనే ఎదుటి అంచునకు దూకి, చిన్నగుండైనను చాలును, కరమోజో బెల్‌ను చూడుడనును. వాల్టర్ బెల్ అను ఆ స్కాట్లండువాసి ఆఫ్రికాలో వేయికి పైగా ఏనుగులను కూల్చిన మాట నిజము. వానిలో పెక్కింటిని ఆ .275 తోడనే, 173 గ్రెయినుల గుండుతో కూల్చిన మాటయు నిజము. కాని ఆ గుండు మెత్తనిది కాదు. నిడుపైన, గట్టి లోహపు తొడుగు గల, ఎముకలో వంగక నేరుగా చొచ్చుకొనిపోవు గుండు. ఏనుగు పుర్రెను ఱంపముతో కోసి మెదడెచ్చటనున్నదో, ఏ దిక్కునుండి చూచిన ఎక్కడ గురిపెట్టవలెనో బెల్ ముందుగానే చదువుకొనియుండెను. మనుష్యుని అంతగా ఎరుగని మందలు, విశాలమైన కాలము, వణకని చేయి అతనికి తోడు. ఒక్క వారము సెలవుపై, గైడునకు రుసుము చెల్లించి, పొదలో గాయపడిన అడవిదున్న ఎదుటికి పోవు వానికి ఇందులో ఏదియు లేదు. అందుచేతనే ఆఫ్రికాలోని పలుదేశముల చట్టములు ఏనుగు, దున్న మొదలగు ప్రమాదకర జంతువులకు .375ను కనీసపు హద్దుగా పెట్టినవి. హాలండ్ అండ్ హాలండ్ సంస్థ 1912లో తెచ్చిన .375, .30-06కు సుమారు ఒకటిన్నర రెట్ల శక్తితో 300 గ్రెయినుల గుండును విసరును. బెల్ ప్రతిభను మెచ్చుకొనవచ్చును. చట్టమెదుట సాక్ష్యముగా పిలువరాదు.

మందెక్కువ పట్టి వేగముగల మాగ్నమ్ అనబడు తూటా సరళరేఖలో పోవును, దూరమున లెక్క అక్కరలేదు అనువారును కలరు. ఏ గుండైనను గొట్టము విడిచిన క్షణమునుండి భూమివైపునకు పడుచునే యుండును. వేగముగలది అదే దూరమును త్వరగా దాటుటచేత తక్కువ పడును, అంతియే. 200 గజములకు గురి సరిచేసిన .30-06, 300 గజముల కడ సుమారు ఎనిమిదిన్నర అంగుళములు క్రిందికి దిగునెడ, .300 విన్‌చెస్టర్ మాగ్నమ్ సుమారు ఏడంగుళములు దిగును. ఆ అంగుళమున్నరకు మూల్యమేమి? ఒకే బరువుగల తుపాకులలో మూడవవంతు అధికమైన వెనుకతన్ను. భుజము దెబ్బతిను భయముచేత మీట నొక్కు క్షణమున కన్ను మూసి గొట్టమును కుదిపివేయు అలవాటు ఒకసారి పట్టినదా, అది నెలలతరబడి వదలదు. ఆ కుదుపు 300 గజముల కడ తెచ్చు దోషము అంగుళములలోగాక అడుగులలో కొలువదగినది. గొట్టపు మూతికి బ్రేకు బిగించి తన్నును తగ్గింపవచ్చునందురు. తగ్గును, కాని ఆ చప్పుడు ప్రక్కనున్న మిత్రుని చెవికి చేరును, అతడు మరుసటి ఏట తోడు రాకపోవచ్చును.

అంగడిలో ఎవ్వరును తగినంత సేపు మాటలాడని విషయము గుండు నిర్మాణము. 1946లో జాన్ నోస్లర్ అను అమెరికనుడు బ్రిటిష్ కొలంబియాలో మూస్ అను భారీ దుప్పిపై .300 హాలండ్ అండ్ హాలండ్ మాగ్నమ్ తో దగ్గరనుండియే కాల్చెను; గుండ్లు తగిలినవి, కాని దళసరియైన భుజముపైననే పగిలి చెదరిపోయి లోనికి చేరలేదు. కాలిబరునందు లోపము లేదు, వేగమునందు అంతకంటె లేదు. ఆ వేగమునకు తాళజాలని గుండునందే యుండెను. ఆయన ఇంటికి వచ్చి రాగి తొడుగు నడుమ అడ్డుగోడ నిలిపి, ముందరి సీసము విప్పారునట్లును వెనుకటి సీసము చెదరక చొచ్చుకొని పోవునట్లును పార్టిషన్ అను గుండును నిర్మించెను. నా దృష్టిలో వేటతుపాకి చరిత్రలో గత నూరేండ్లలో వచ్చిన ఏ క్రొత్త కాలిబరుకంటెను ఆ అడ్డుగోడ విలువైనది. స్వీడనులో 6.5 మిల్లీమీటర్ల సన్నని గుండుతో మూస్‌ను తరతరములుగా కూల్చుచున్నారనగా అందలి రహస్యమును ఇదియే: సన్ననైనను నిడుపైన గుండు తన వ్యాసమునకు మించిన బరువు గలది గనుక లోతు చేరును. ఆ దేశపు చట్టము సైతము కాలిబరును అడుగదు. పెద్దజంతువునకు గుండు తొమ్మిది గ్రాములకు తగ్గరాదనియు, నూరు మీటర్ల కడ 2,700 జౌళ్ళ శక్తి మిగులవలెననియు, పదిగ్రాములు దాటినచో 2,000 చాలుననియు విధించినది. ఇటీవల పూర్తిగా రాగితో చేసిన గుండ్లు ప్రబలినవి. సీసపు తునకలు తిని చచ్చు కాండోర్ రాబందులను కాపాడుటకై కాలిఫోర్నియా 2019 నుండి వేటలో సీసమునే నిషేధించినది.

బరువైన నిదానపు గుండు కొమ్మలను చీల్చుకొని సూటిగా పోవునన్నది వట్టి మాట. రెమ్మ తగిలిన ఏ గుండైనను దారి మళ్ళును, తెరపి దొరకువరకు ఓపికపట్టుటయే దానికి మందు. పాత తూటాలు నేటికి పనికిరావనుటయు అట్టిదే. వేటకాడు కెన్నెత్ ఆండర్సన్ నాటి చిత్తూరు జిల్లా చామల లోయలో పులి వెంట తిరిగినప్పుడు చేతనున్న .405 విన్‌చెస్టర్ 1904 నాటిది. ఎల్క్ చర్మమును ఆనాటినుండి మందమెక్కలేదు.

కావున దుప్పులకును ఎల్క్‌కును ఒక్క రైఫిలే కొనదలచిన వానికి .308, .270, .30-06లలో ఏది భుజమునకు ఇంపుగానున్న అది చాలును. మూస్‌కును అదే, గుండు గట్టిదైనచో. మాగ్నమ్ కొనగా మిగులని డబ్బు ఇక్కడ మిగులును గనుక, దానితో తూటాలు కొని, బల్లపై ఆనించిగాక, కూర్చుండియు మోకరిల్లియు నూరు గజముల కడ పళ్ళెమంత గుఱిని వరుసగా తాకువరకు కాల్చుట మేలు. ఆఫ్రికాకు పోవువాడు .375ను, అదియును తన చేతుల పొడవునకు మడమ సరిచేయించుకొని, పట్టుకొనిపోవలెను. విమానములో తూటాల పెట్టె దారితప్పినను, అక్కడి దుకాణమున అడిగి తెచ్చుకొనదగిన తూటాలలో అది యొకటి. నిరుటి ఏడు పుట్టిన క్రొత్తపేరు మాగ్నమ్‌కు ఆ భాగ్యము లేదు.