జాజ్ సంగీతము: తరముల పరిణామము

లక్ష్యము ముందు పుట్టును; లక్షణము దాని వెన్నంటి వచ్చును. ఈ న్యాయము భాషకే గాక సంగీతమునకును జెల్లుననుటకు అమెరికా సంయుక్తరాష్ట్రములందలి జాజ్ సంగీతము చక్కని నిదర్శనము.

బానిసత్వము ననుభవించిన ఆఫ్రికా సంతతివారి శ్రమగీతములు, భక్తిగీతములు, బ్లూస్ అను గేయములు, రాగ్‌టైమ్ అను వాద్యరీతి, యూరపుఖండపు వాద్యములు, ఇవన్నియు న్యూ ఆర్లియన్సు పురమునఁ గలసి, ఇరువదవ శతాబ్దారంభమున నీ సంగీతముగా రూపొందెను. దీని తొలి ధ్వనిముద్రిక 1917లో వెలువడెను.

మొదటి తరమువారు పలువురు గూడి యేకకాలమున స్వరకల్పన చేయుచుండిరి. కింగ్ ఆలివరు మేళ మట్టిది. అతఁడు 1922లో షికాగోకుఁ బిలిపించుకొన్న లూయీ ఆర్మ్‌స్ట్రాంగు, 1925 మొదలు 1928 వఱకుఁ జేసిన ముద్రణములలో నొక్కని కల్పనకే ప్రాధాన్య మొసఁగెను. పిమ్మట 1930ల దశకమున డ్యూక్ ఎల్లింగ్టను, బెన్నీ గుడ్‌మను మొదలగువారి పెద్దమేళములు స్వింగ్ అను రీతిని నాట్యశాలలయందు వ్యాపింపఁజేసెను.

1940 తరువాత న్యూయార్కులోని హార్లెమునఁ జార్లీ పార్కరు, డిజ్జీ గిలెస్పీ మొదలగు యువకులు బీబాప్ అను రీతిని వెలయించిరి. ఇది యాడుటకంటె వినుటకుఁ దగినది. 1945లో పార్కరు కో-కో అను కృతిని రచించుచు, చెరోకీ యను పూర్వగీతమునందలి స్వరసంఘాతముల క్రమమును నిలిపి, దానిపై సర్వథా నూతనమగు గానమును గూర్చెను. ప్రకృతి యదియే, ప్రత్యయములు మాత్రము క్రొత్తవి. ఈ రీతిని ఆర్మ్‌స్ట్రాంగు గర్హించెను. ఒకనాఁడు తానును గురుమార్గమును దాఁటినవాఁడే గదా!

పార్కరు మేళమునఁ బెరిగిన మైల్సు డేవిసు, 1959లో కైండ్ ఆఫ్ బ్లూ అను ముద్రణమున సంఘాతముల రద్దీని విడిచి, కొలఁది స్వరశ్రేణులనే యాధారముగాఁ గొనెను. ఆ యేఁటనే ఆర్నెట్ కోల్‌మను సంఘాతక్రమనియమమునే సడలించెను. 1970లో వెలువడిన బిచ్చెస్ బ్రూలో డేవిసే విద్యుద్వాద్యములను జేర్చెను.

ఇన్ని మార్పులలో నిలిచిన దేది? అప్పటికప్పుడు స్వరములను గల్పించు శక్తి. అది నిరాధారముగాఁ గలుగలేదు. పార్కరు యౌవనారంభమున లెస్టర్ యంగు ముద్రణములను వినివిని యభ్యసించినవాఁడు. నియమ మెఱుఁగక తప్పుట వేఱు. ఎఱిఁగి దాఁటుట వేఱు. మొదటిది యపశబ్దము, రెండవది నవ్యప్రయోగము. ఈ రెంటి భేదమును గుర్తింపకయే క్రొత్తదానినెల్ల దోషమనుట పెద్దలకు సులభము. ఆర్మ్‌స్ట్రాంగంతటివాఁడే యందుఁ బొరపడెను. శిష్యుల ప్రయోగములను దిద్దు మనవంటివారికి నిది స్మరణీయము.