దొంగ ఒకడా, ఇద్దరా?

పిల్లలూ! మన కడుపులో కుడివైపు, పక్కటెముకల చాటున కార్జం ఉంటుంది. దీన్నే కాలేయం అంటారు. కొవ్వు కొంత అక్కడికి చేరుతుంది, కొంత అక్కడే తయారవుతుంది. కార్జం ఆ కొవ్వును చిన్న చిన్న మూటలు కట్టి రక్తంలోకి పంపుతుంది. మూట కట్టటానికి లెసిథిన్ అనే పదార్థం కావాలి. లెసిథిన్ తయారు కావటానికి కోలీన్ అనే పోషకం కావాలి. గుడ్డు పచ్చసొనలో కోలీన్ బాగా ఉంటుంది.

కోలీన్ చాలకపోతే? కళ్ళంలో ధాన్యం ఉండి కూడా గోనెసంచులు లేని రైతు గతే! కొవ్వు కదలక కార్జంలోనే పేరుకుపోతుంది. ఎలుకలలో ఈ సంగతిని 1932లో కెనడా శాస్త్రజ్ఞుడు చార్లెస్ బెస్ట్, ఆయన సహచరులు కనిపెట్టారు. 1921లో బాంటింగుతో కలిసి ఇన్సులిన్ కనిపెట్టిన బెస్టే ఈయన.

1946లో అమెరికాలోని అలబామాలో కోప్‌లాండ్, సాల్మన్ అనే ఇద్దరు మరొక సంగతి ప్రకటించారు. కోలీన్ చాలని మేత చాలాకాలం తిన్న ఎలుకల కార్జాలకు ముందు కొవ్వు పట్టింది. తరవాత రాచపుండు, అంటే కాన్సరు, పుట్టింది. కోలీన్ లోపమే దొంగ అని తేలినట్టయింది.

అయితే 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు చచ్చిపోయాయి. వాటి మేతలో బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుసెనగ పిండి ఉంది. ఆ పిండికి పట్టిన బూజులో అఫ్లటాక్సిన్ అనే విషం బయటపడింది. అది కార్జానికి కాన్సరు తెచ్చే విషం. మరి, అలబామా ఎలుకల మేతలో కూడా వేరుసెనగ పిండి ఉన్నదే! పాపం కోలీన్ లోపానిదా, బూజుదా?

ఈ అనుమానాన్ని సాల్మన్ దాచిపెట్టలేదు. వేరుసెనగ పిండి ఎక్కువగా తిన్న ఎలుకల కార్జాలలో కాన్సరు వస్తున్నదని 1963లో ఆయనే మరొకరితో కలిసి ప్రకటించాడు.

1983లో అమెరికా శాస్త్రజ్ఞులు కొందరు మళ్ళీ పరీక్ష చేశారు. ఈసారి అఫ్లటాక్సిన్ లేని మేత పెట్టారు; అందులో కోలీన్‌తోపాటు, దాని లోటు తీర్చే మెథియోనిన్ కూడా లేకుండా చేశారు. అయినా ఎలుకలకు కాన్సరు వచ్చింది. దొంగలు ఇద్దరన్నమాట!

పేరుకున్న కొవ్వు, పాతబడిన నూనె చెడినట్టుగా చెడి, కార్జంలోని కణాలను గాయపరుస్తుంది. చచ్చిన కణాల స్థానంలో కొత్తవి పదే పదే పుట్టవలసి వస్తుంది. అలా పుట్టటంలో పొరపాట్లు చేరి, ఏదో ఒక కణం అదుపు తప్పుతుంది.

కార్జానికి కొవ్వు పట్టిన మనుషులందరికీ కాన్సరు రాదు. మొదట్లోనే జాగ్రత్తపడి, మితంగా తిని, ఒళ్ళు వంచి ఆడుతూ పనిచేస్తూ ఉంటే ఆ కొవ్వు చాలావరకు తగ్గిపోతుంది. రెండో దొంగ సంగతి మీ చేతిలోనే ఉంది. వేరుసెనగ కాయలు బాగా ఎండబెట్టి, తడి తగలకుండా దాచాలి. బూజు పట్టిన గింజలు ఏరి పారెయ్యండి. వేయించినంత మాత్రాన ఆ విషం పూర్తిగా పోదు సుమా!