అరపావు తిప్పు

మా హాస్టల్ రూమ్ అలమరలో ఒక ఖాళీ పచ్చడి సీసా ఉంది. అందులో ఒక చిన్న అల్యూమినియం పిస్టన్, ఇత్తడి స్లీవ్, రెండు ముక్కలైన కనెక్టింగ్ రాడ్ ఉంటాయి. కొత్తగా రూమ్‌కి వచ్చినవాళ్లు అవేంటని అడుగుతారు. "అస్థికలు" అంటాం. నలుగురం తలా ఇంత వేసుకుని ఒక సీనియర్ దగ్గర కొన్న నైట్రో బగ్గీలో మిగిలినవి అవి. కారు ఉంది, ఇంజిన్ పోయింది.

జరిగింది చెప్పేస్తాను. ప్రాక్టీసంతా హైదరాబాదులో చేసి, పోయినేడు తీరం వైపు ఒక కాలేజీ టెక్ ఫెస్ట్‌కి వెళ్లాం. మధ్యాహ్నం ఎండలో హీట్స్ బాగానే గడిచాయి. సాయంత్రం ఫైనల్ ముందు మాలో ఒకడు, "స్ట్రెయిట్‌లో ఇంకొంచెం లాగుతుందిరా, నీడిల్ అరపావు బిగిద్దాం" అన్నాడు. అరపావు అంటే మా నాయనమ్మ పాల లెక్క. పావులో సగం, మొత్తం చుట్టులో ఎనిమిదో వంతు. బిగించాం. మూడు ల్యాపులు కారు పిచ్చెక్కినట్టు పోయింది, పక్క టీమ్ వాళ్లు కూడా తలతిప్పి చూశారు. నాలుగో ల్యాపులో స్ట్రెయిట్ మధ్యలో ఒక్క టిక్కుమన్న శబ్దం, తర్వాత నిశ్శబ్దం. ఆ మాట అన్న ఒకడు నేనే. అందుకే ఈ వ్యాసం కూడా నా మెడకే చుట్టుకుంది.

ఆ అరపావు ఎందుకంత ఖరీదైందో అర్థం కావాలంటే ముందు ఇంజిన్ లోపలికి వెళ్లాలి. 1/8 స్కేల్ రేసింగ్ బగ్గీల్లో వాడేది .21 ఇంజిన్. క్యూబిక్ అంగుళాల్లో 0.21, అంటే దాదాపు 3.5 సీసీ. టూ స్ట్రోక్. రేస్ ట్రాక్ మీద 30 వేల ఆర్‌పీఎం దాటుతుంది, అంటే పిస్టన్ సెకనుకు 500 సార్లకు పైగా పైకీ కిందకీ తిరుగుతుందన్నమాట. ఇందులో స్పార్క్ ప్లగ్ లేదు, గ్లో ప్లగ్ ఉంటుంది. దాని లోపలి చుట్టలో ప్లాటినం కలిసి ఉంటుంది. స్టార్ట్ చేసేటప్పుడు ఒకటిన్నర వోల్టుతో దాన్ని ఎర్రబెడతాం. ఆ తర్వాత మిథనాల్ ఆవిరి ప్లాటినం మీద చర్య జరుపుతూ, ప్రతి పేలుడు వేడినీ తోడు చేసుకుంటూ చుట్టను తనే మండిస్తూ ఉంటుంది. బ్యాటరీ తీసేసినా ఇంజిన్ నడుస్తుంది. కెమిస్ట్రీలో మనం బట్టీ పట్టి వదిలేసిన కాటలిస్ట్ ఇక్కడ జీతం లేకుండా పనిచేస్తోంది.

ఇంకో వింత, ఈ పిస్టన్‌కి రింగులు ఉండవు. బైక్ ఇంజిన్ విప్పినవాళ్లకి ఇది నమ్మశక్యం కాదు. మరి కంప్రెషన్ ఎలా నిలుస్తుంది? స్లీవ్ పైకి వెళ్లేకొద్దీ కాస్త ఇరుకవుతుంది. చల్లగా ఉన్నప్పుడు పిస్టన్ పైదాకా వచ్చి అక్కడ పట్టేస్తుంది. దీన్నే పించ్ అంటారు. ఇంజిన్ వేడెక్కాక స్లీవ్ పైభాగం ఎక్కువ వేడికి ఎక్కువ వ్యాకోచించి, పిస్టన్‌కి సరిగ్గా ఒక ఆయిల్ పొర మందాన దారి ఇస్తుంది. అంటే ఈ ఇంజిన్ పనిచేసే వేడిలో మాత్రమే సరైన సైజులో ఉంటుంది. చలిలో బిగుతు, అతివేడిలో వదులు. కొత్త ఇంజిన్ ఫ్లైవీల్ వేలితో తిప్పితే పైన పట్టేసి కదలకపోతే కంగారు పడొద్దు, అది ఆరోగ్యం. సాఫీగా గిర్రున తిరిగితే అప్పుడు కంగారు పడాలి.

అందుకే చల్లటి ఇంజిన్‌ని బలవంతంగా స్టార్టర్ మీద పెట్టి గిరగిరా తిప్పకూడదు. ఆ పట్టులో కనెక్టింగ్ రాడ్ మీద పడే లాగుడు మామూలుది కాదు. ముందు హెయిర్ డ్రయ్యర్‌తో నాలుగైదు నిమిషాలు హెడ్ వేడి చేస్తే సగం ఆయుష్షు అక్కడే మిగులుతుంది. మా వింగ్‌లో ఉన్న ఏకైక హెయిర్ డ్రయ్యర్ ఇప్పుడు మిథనాల్ వాసన కొడుతుంది, దాని యజమాని మాతో మాట్లాడటం మానేశాడు.

ఇప్పుడు ఇంధనం. ఇందులో మూడు పదార్థాలు: మిథనాల్, నైట్రోమీథేన్, ఆయిల్. ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండటానికి 14.7 కిలోల గాలి కావాలి. మిథనాల్‌కి 6.4 చాలు. నైట్రోమీథేన్‌కి 1.7 మాత్రమే, ఎందుకంటే దాని అణువులోనే ఆక్సిజన్ ఉంది. కిలోకి శక్తి చూస్తే పెట్రోలు 44 మెగాజౌల్స్, నైట్రోమీథేన్ దాదాపు 11. చూడగానే పెట్రోలే గొప్ప అనిపిస్తుంది. కానీ 3.5 సీసీ సిలిండర్‌లోకి పట్టే గాలి ఇంతే కదా. గాలి కిలో లెక్కన చూడండి: పెట్రోలు ఇచ్చేది సుమారు 3 మెగాజౌల్స్, నైట్రోమీథేన్ ఇచ్చేది 6కి పైన. అదే గాలికి రెట్టింపు. నైట్రో మహిమంతా ఈ ఒక్క భాగహారంలో ఉంది.

మూడోది ఆయిల్, నా కథలో అసలు పాత్ర. ఈ ఇంజిన్‌కి విడిగా ఆయిల్ సంప్ లేదు, పంప్ లేదు. రేస్ ఫ్యూయల్‌లో 8 నుంచి 12 శాతం దాకా ఆముదం, సింథటిక్ ఆయిల్ కలిపి ఉంటాయి. క్రాంక్ షాఫ్ట్ బేరింగులకీ, రాడ్ బుష్‌కీ, పిస్టన్‌కీ అందే తడి అదొక్కటే. నీడిల్ బిగిస్తే ఇంధనం తగ్గుతుంది, మిశ్రమం లీన్ అవుతుంది, కొంతదూరం వరకు ఇంజిన్ నిజంగానే జోరుగా లాగుతుంది. అదే సమయంలో ఆయిల్ కూడా తగ్గుతోంది, వేడి పెరుగుతోంది. ఎక్కువ మిథనాల్ ఆవిరవుతూ పట్టుకెళ్లే వేడి ఇప్పుడు లోపలే ఉంటోంది. అంటే ఇంజిన్ అత్యంత వేగంగా, అత్యంత వేడిగా తిరిగే క్షణానే దాని తిండిలోంచి నూనె తీసేస్తున్నాం. పైగా అది కేక పెట్టి హెచ్చరించదు. చచ్చేముందు ఎప్పుడూ లేనంత బాగా పరిగెడుతుంది. మమ్మల్ని మోసం చేసింది ఆ మూడు ల్యాపులే.

తప్పు అరపావుది మాత్రమే కాదని తర్వాత కూర్చుని లెక్కేస్తే తెలిసింది. హైదరాబాదు సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తు. అక్కడికీ తీరానికీ గాలి సాంద్రతలో దాదాపు 5 శాతం తేడా. ఈ కార్బ్యురేటర్‌కి సెన్సార్ లేదు, ఈసీయూ లేదు, గాలి చిక్కబడిందని దానికి తెలీదు. చిక్కటి గాలి ఎక్కువొచ్చినా ఇంధనం ఆ నిష్పత్తిలో పెరగదు. ఊరు మారగానే మా ట్యూనింగ్ కాస్త లీన్ అయిపోయింది. మధ్యాహ్నం 36 డిగ్రీలు సాయంత్రానికి 27కి దిగితే ఇంకో 3 శాతం చిక్కదనం. తీరంలో తేమ కొంత వెనక్కి లాగుతుంది కానీ ఇదంతా సరిచెయ్యదు. నేను అరపావు బిగించేసరికి నీడిల్ అప్పటికే ఉండాల్సిన చోటు దాటి ఉంది. నేను చెయ్యాల్సిన పని అరపావు వదులు చెయ్యడం!

ఈ పాఠం అయ్యాక రెండో ఇంజిన్ కొనడానికి మళ్లీ చందాలు. ఈసారి నాలుగు నెలలు చదివి, అడిగి, తిట్లు తిని కొన్నాం. కొనేవాళ్లకి నా అభిప్రాయం: గుర్రపు శక్తి అంకె చూడకండి. ఆ అంకె ఏ ఆర్‌పీఎం దగ్గర, ఏ పైప్‌తో, ఎంత నైట్రోతో కొలిచారో చెప్పరు. మట్టి ట్రాక్ మీద మూలమలుపు తిరిగి బయటికొచ్చేటప్పుడు మెత్తగా లాగే ఇంజిన్ కావాలి, టాప్‌లో అరిచేది కాదు. .21 అని రాసుంటే చాలదు, రోడ్డు ట్రాకుల కార్ల కోసం చేసిన .21లు కూడా ఉన్నాయి, వాటి బలమంతా పై ఆర్‌పీఎంలో ఉంటుంది. చవగ్గా దొరుకుతోందని మాన్‌స్టర్ ట్రక్కుల .28 తీసుకుంటే 1/8 బగ్గీ క్లాసులో దాన్ని ఒప్పుకోరు. పోర్టులు తక్కువైతే కింది లాగుడు, ఎక్కువైతే పై వేగం అని అందరూ చెప్పే లెక్క ఒకటుంది. పూర్తిగా తప్పు కాదు, కానీ పోర్టు ఎంత ఎత్తున ఎప్పుడు తెరుచుకుంటుందన్నది సంఖ్య కంటే ముఖ్యం.

ఎవరూ చూడనిది ఇంధనం ఖర్చు. ఈ క్లాసులో ట్యాంకు 125 సీసీ మించకూడదు. ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్ గంటసేపు జరుగుతుంది. ట్యాంకుకి ఏడు నిమిషాలొచ్చే ఇంజిన్ గంటలో ఎనిమిదిసార్లు పిట్‌కి రావాలి, తొమ్మిది నిమిషాలొచ్చేది ఆరుసార్లు. స్ట్రెయిట్‌లో సంపాదించిన పదో వంతు సెకన్లన్నీ ఆ రెండు అదనపు పిట్ స్టాపుల్లో ఖర్చయిపోతాయి. కార్బ్యురేటర్ నోట్లో పెట్టే చిన్న రింగు మార్చి, గాలి దారి ఇరుకు చేసి చాలామంది ఇంధనం ఆదా చేస్తారు. కొత్తవాళ్లకి ఇంజిన్ మచ్చిక కావడానికీ అదే మంచిది.

కంపెనీ గురించి కొట్లాటలు జరుగుతాయి. జపాన్ ఓ.ఎస్. 1936 నుంచీ మోడల్ ఇంజిన్లు చేస్తోంది, ఇటలీ నుంచి పికో, రెడ్స్ ఉన్నాయి. మేం మాత్రం ఒకటే ప్రశ్న అడిగాం: ప్లగ్, రాడ్, బేరింగ్, కార్బ్యురేటర్ ఓ-రింగులు ఇండియాలో ఎన్ని రోజుల్లో వస్తాయి? అలాగే టర్బో ప్లగ్ హెడ్డా, మామూలు ప్లగ్ హెడ్డా చూసుకోండి, ఒకదాంట్లో ఇంకోటి పట్టదు. ఇంధనం కూడా అంతే, దొరికే నైట్రో శాతాన్ని బట్టి హెడ్ కింద షిమ్‌లు మార్చాలి. యూరప్‌లో 2021 నుంచి లైసెన్సు లేని మామూలు జనానికి 16 శాతం మించి నైట్రోమీథేన్ అమ్మకూడదు, పేలుడు పదార్థాల భయంతో. కాబట్టి అక్కడివాళ్ల సెట్టింగులు చూసి 25 శాతం పోస్తూ అవే పెడితే కుదరదు. నైట్రో పెరిగితే ఒక షిమ్ వేసి కంప్రెషన్ తగ్గించాలి. సెకండ్‌హ్యాండ్ అయితే ప్లగ్ తీసి, పిస్టన్‌ని స్లీవ్ కిందికి తెచ్చి, ఫ్లైవీల్ ముందుకీ వెనక్కీ మెల్లగా ఆడించండి. పిస్టన్ కదలకుండా ఫ్లైవీల్ కాస్త ఆడుతోందంటే రాడ్ బుష్ అరిగింది. మా సీనియర్ అమ్మినదాంట్లో ఆ ఆట ఉందేమో, మేం చూడలేదు.

ట్యూనింగ్‌లో ఒకటే నియమం పెట్టుకున్నాం: ఎప్పుడూ రిచ్ వైపు నుంచే రావాలి. పొగ కనిపించాలి, స్ట్రెయిట్ చివరిదాకా సన్నటి నీలిపొగ తోక ఉండాలి. ఒక్కో దఫా అరపావు కాదు, అందులో సగం. ప్రతి మార్పు తర్వాత రెండు ల్యాపులు ఆగాలి. హెడ్ మీద 100 నుంచి 120 డిగ్రీలు మామూలు, అయితే థర్మామీటర్ అంకెని దేవుణ్ని చెయ్యొద్దు. ఇంజిన్ బాగా వేడిగా ఉన్నప్పుడు ఐడిల్‌లో ఫ్యూయల్ గొట్టం వేళ్లతో నొక్కితే ఆర్‌పీఎం కాస్త పెరిగి రెండు మూడు సెకన్లలో ఆగాలి. వెంటనే ఆగితే కింది నీడిల్ లీన్, ఎంతకీ ఆగకపోతే రిచ్. ప్లగ్ తీసి చూడటం కూడా అలవాటు చేసుకోండి. చుట్ట తడిగా, మెరుస్తూ ఉంటే సరే. బూడిదరంగులో, వంకరపోయి ఉంటే నీడిల్ వదులు చెయ్యమని అది అడుగుతోంది. మాది ఫైనల్ ముందే బూడిదరంగులో ఉంది, ఫోటో కూడా ఉంది. ఎవరూ దాని అర్థం అడగలేదు.

వేడి తర్వాతి శత్రువు దుమ్ము. ఎయిర్ ఫిల్టర్ ఫోమ్‌కి ఫిల్టర్ ఆయిల్ పట్టించి పిండాలి, పొడి ఫోమ్ జల్లెడతో సమానం. కార్బ్యురేటర్ మెడ దగ్గర గొట్టం సందులో దుమ్ము గీత కనిపిస్తే ఆ రోజుకి కారు తీయొద్దు. ఇసుక రేణువు ఒక్కటి లోపలికెళితే ఆ పించ్ అంతా సానబట్టినట్టు అరిగిపోతుంది, మళ్లీ రాదు.

రోజు ముగిశాక ట్యాంకు ఖాళీ చేసి, లైన్లలో మిగిలిన ఇంధనం అయిపోయేదాకా ఇంజిన్‌ని నడిపి ఆపాలి. మిథనాల్ గాలిలో తేమని లాక్కుంటుంది, రాత్రికి రాత్రే బేరింగులు తుప్పు పడతాయి. ప్లగ్ రంధ్రంలో, కార్బ్యురేటర్‌లో నాలుగు చుక్కలు ఆఫ్టర్ రన్ ఆయిల్ వేసి తిప్పి, పిస్టన్‌ని కిందికి దింపి వదిలేయండి, పైన వదిలితే చల్లారాక స్లీవ్ పట్టేస్తుంది. క్లచ్ బెల్ బేరింగులు చవక, ముందే మార్చేయండి. ఇంజిన్ మౌంట్ స్క్రూలకి థ్రెడ్ లాక్, డిఫరెన్షియల్ ఆయిల్ సంగతి మాన్యువల్ చూసుకోండి.

ప్రాణాల మీదికొచ్చేవి రెండున్నాయి. మిథనాల్ మంట ఎండలో దాదాపు కనిపించదు, తాగితే చూపు పోతుంది, ప్రాణమూ పోతుంది. దాన్ని నీళ్ల సీసాలో పోసి పెట్టడం లాంటి హాస్టల్ తెలివి వద్దు. రెండోది, రిసీవర్ బ్యాటరీ పడిపోతే థ్రాటిల్ తెరుచుకుని ఉండిపోవచ్చు, మూడు కిలోల పైచిలుకు బరువున్న బగ్గీ జనంలోకి దూసుకుపోతుంది. ఫెయిల్‌సేఫ్ పెట్టి, ట్రాన్స్‌మిటర్ ఆపితే బ్రేక్ పడుతోందో లేదో చక్రాలు పైకెత్తి చూశాకే నేల మీద దించండి.

కొత్త ఇంజిన్ ఇప్పుడు మూడో ట్యాంకు మీద ఉంది. వేడెక్కించి, రిచ్‌గా కాసేపు నడిపి, ఆపి, పిస్టన్‌ని కిందికి దింపి చల్లారనిచ్చి, మళ్లీ. పొగకి వార్డెన్ గారు రెండుసార్లు వచ్చి చూసి వెళ్లారు. హై స్పీడ్ నీడిల్ తల మీద తెల్ల పెయింటుతో ఒక గీత పెట్టాం, దాన్ని దాటి బిగించాలంటే నలుగురూ ఒప్పుకోవాలి. నా ఓటు మాత్రం చెల్లదట.