శాలువా ఉంది, పద్దు లేదు
మేళాలకు నిధుల గురించి అపోహలు – వాస్తవాలు

దేవరుప్పుల వైపు ఒక పల్లెలో, చిందు కళాకారుల ఇంట్లో అటక మీది పెట్టె దించుతుంటే చూశాను. దించే ముందు ఇంటి పెద్దాయన దానికి అగరుబత్తి వెలిగించి దండం పెట్టుకున్నాడు. లోపల కిరీటం, భుజకీర్తులు, హారాలు ఉన్నాయి. అన్నీ తేలికపాటి కర్రతో చెక్కి అద్దపు ముక్కలు అతికించినవే. ఒక భుజకీర్తికి సగం అద్దాలు ఊడిపోతే, ఆ చోట సిగరెట్ పెట్టెలోని వెండికాగితం కత్తిరించి అంటించారు. ఆట ఆడి ఎన్నాళ్లయిందని అడిగాను. "పోయిన కార్తీకంల ఆడినం బిడ్డా. పది మంది కూడితెనే ఆట. పది మందికి కూలి ఎవరిస్తరు?" అన్నాడు.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో ఆర్కెస్ట్రా అంటే వయొలిన్ల వరుస కాదు. ఒగ్గు, డోలు, తాళాలు పట్టే ఒగ్గుకథ బృందం, మద్దెల, హార్మోనియంతో చిందు మేళం, డప్పుల జట్టు. అవి ఎందుకు చితికిపోతున్నాయని అడిగితే టీకొట్టు దగ్గరి నుంచి మున్సిపల్ ఆఫీసు దాకా వినిపించే జవాబుల్లో చాలావరకు తప్పులే.

అపోహ: ఆటపాటలకు డబ్బివ్వడం మున్సిపాలిటీ పని కాదు. దాని పని మోరీలు, రోడ్లు, నల్లాలే.

రాజ్యాంగం ఆ మాట అనలేదు. 74వ సవరణతో వచ్చిన 12వ షెడ్యూల్ పట్టణ సంస్థలు చేయదగిన 18 పనుల జాబితా ఇచ్చింది. అందులో 13వది సాంస్కృతిక, విద్యా, సౌందర్య అంశాల ప్రోత్సాహం. పంచాయతీలకు వర్తించే 11వ షెడ్యూల్లో 29 అంశాలుంటే 21వది సాంస్కృతిక కార్యకలాపాలు. అంటే జనగామ మున్సిపాలిటీ ఒగ్గుకథకు డబ్బు పెడితే అది నిధుల దారి మళ్లింపు కాదు, తన జాబితాలో ఉన్న పనే.

అయితే ఆ జాబితా అధికారం ఇచ్చింది గానీ తప్పనిసరి చేయలేదు. చిక్కంతా అక్కడే ఉంది. తెలంగాణ మున్సిపాలిటీల చట్టం, 2019 పచ్చదనానికి బడ్జెట్‌లో పదో వంతు కేటాయించి తీరాలంది. జీతాలు, పారిశుద్ధ్యం, కరెంటు బిల్లులు, అప్పుల వాయిదాలు ఎలాగూ ముందే పోతాయి. 15వ ఆర్థిక సంఘం గ్రాంట్లలో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికే కట్టేసి ఇచ్చారు. మొక్కకు చట్టంలో వాటా ఉంది, పాటకు లేదు. మొక్కలు వద్దని నేను అనడం లేదు. చట్టంలో వాటా రాసి ఉంటే చిన్న మున్సిపాలిటీ కూడా ఎలాగోలా డబ్బు తీస్తుందని ఆ పదో వంతే చూపిస్తోంది.

మిగిలిన కాస్త డబ్బు దగ్గరే అసలు రాజకీయం. సీసీ రోడ్డుకు కాంట్రాక్టరు ఉంటాడు, కొలతల పుస్తకం ఉంటుంది, ప్రారంభోత్సవం నాడు పేర్లు చెక్కిన శిలాఫలకం ఉంటుంది. ఒగ్గుకథ బృందంతో తెల్లవార్లూ బీరప్ప కథ చెప్పిస్తే పొద్దున్నకి కొలవడానికి ఏమీ మిగలదు, రాయి పాతడానికి చోటుండదు. ఓట్ల లెక్క అంతకన్నా కఠినం. చిందు, డక్కలి, మందహెచ్చు, కాకిపడగల లాంటి కళాకారుల కుటుంబాలు ఊరికి ఒకటి రెండు చొప్పున చెదిరి ఉంటాయి. ఏ ఒక్క వార్డులోనూ గెలుపోటములు వాళ్ల చేతిలో లేవు. ఇక వాళ్ల మాట ఎజెండాలోకి ఎవరు తెస్తారు?

అపోహ: జానపద కళలు ఎప్పుడూ దానధర్మాల మీదే బతికాయి.

నన్ను అన్నిటికన్నా బాధపెట్టే అపోహ ఇది. కళాకారుణ్ని చేయి చాచేవాడిగా నిలబెట్టేది ఇదే. వాస్తవానికి వాళ్లకుండేది హక్కు, దాని పేరు మిరాశి. చిందు కుటుంబాలకు ఫలానా ఊళ్లు మిరాశి ఊళ్లని కట్టుబాటు ఉండేది. ఆ ఊళ్ల మాదిగవాడలు వాళ్లకు ఏటా ఇవ్వాల్సింది ఇచ్చేవి. మాదిగలకే డక్కలివాళ్లు జాంబపురాణం చెప్పేవాళ్లు. గొల్లలకు మందహెచ్చులవాళ్లు, ముదిరాజులకు కాకిపడగలవాళ్లు, పద్మశాలీలకు కూనపులివాళ్లు ఇట్లా కులపురాణం వినిపించి తమ వాటా తీసుకునేవాళ్లు. ఒక కుటుంబం మిరాశి ఊళ్లు మరో కుటుంబం తొక్కకూడదు. అన్నదమ్ములు విడిపోతే పొలం పంచుకున్నట్టే ఊళ్లూ పంచుకునేవాళ్లు.

ఆ ఏర్పాటులో కులం పెట్టిన కట్టడి ఉంది, అవమానాలూ ఉన్నాయి. అది మళ్లీ రావాలని ఎవరూ కోరుకోకూడదు. కానీ ఏటా వచ్చే రాబడి ఎంతో, ఎక్కడి నుంచో ముందే తెలిసేది. ఇచ్చే వాడలే వలసపోయాక, పంటలో వాటా బదులు చేతిలో చిల్లర పెట్టడం మొదలయ్యాక హక్కు కాస్తా దానంగా మారిపోయింది. పాత హక్కు పోయిన చోట ప్రజాస్వామ్యం తన బడ్జెట్ నుంచి కొత్త హక్కు రాయాల్సింది. ఆ ఖాళీ ఇంకా అట్లాగే ఉంది.

అపోహ: జనగామకు పద్మశ్రీ కూడా వచ్చింది. ఇంకా కష్టమేమిటి?

దేవరుప్పుల మండలం అప్పిరెడ్డిపల్లి చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ వచ్చింది. ఆ ఏడాది ఫిబ్రవరిలో రాష్ట్ర ప్రభుత్వం పద్మశ్రీ పొందిన కళాకారులకు తలా 25 లక్షల నగదు, నెలకు 25 వేల పింఛను ప్రకటించింది. మంచి పని. లింగాల ఘన్‌పూర్ మండలం మాణిక్యాపురంలో పుట్టి, ఒగ్గుకథను దేశమంతా వినిపించిన చుక్క సత్తయ్యకూ సంగీత నాటక అకాడమీ పురస్కారం దక్కింది. ఆయన 2017 నవంబర్ 9న కన్నుమూశారు.

కానీ పురస్కారం ఒక మనిషికి వస్తుంది, ఆట పది మందితో నడుస్తుంది. మద్దెల వాయించే మనిషి హైదరాబాద్‌లో సెక్యూరిటీ గార్డుగా చేరితే ప్రధాన పాత్రధారి మెడలో ఏ పతకం ఉన్నా తెర లేవదు. పేద వృద్ధ కళాకారులకు నెలకు 3,016 రూపాయల పింఛను ఉంది, అది ముసలితనానికి ఆసరా. ముప్పై ఏళ్ల డోలు కళాకారుణ్ని డోలు దగ్గరే నిలబెట్టే ఏర్పాటు మాత్రం మన మూడు జిల్లాల్లో కనిపించదు.

అపోహ: మంచి కళ తన కాళ్ల మీద తానే నిలబడుతుంది.

అమెరికా ఆర్థికవేత్తలు విలియం బౌమోల్, విలియం బోవెన్ 1966లోనే దీనికి జవాబు చెప్పారు. యంత్రాలు వచ్చి ఫ్యాక్టరీలో పదిమంది పని ఒకడు చేయగలుగుతున్నాడు, కూలి పెరుగుతోంది. నలుగురు వాయించే సంగీతానికి మాత్రం వందేళ్ల కింద ఎందరు, ఎంతసేపు కావాలో ఇప్పుడూ అంతే. బయట కూలి పెరిగినకొద్దీ పాట ఖర్చు పెరుగుతుంది, పాట వేగం మాత్రం పెరగదు. మన నాట్లు, కోతలు యంత్రాల పాలయ్యాయి గానీ బీరప్ప కథకు ఇప్పటికీ అన్ని రాత్రులూ కావాలి, అంతమందీ కావాలి. ప్రపంచంలో పేరున్న ఫిలడెల్ఫియా ఆర్కెస్ట్రా సైతం 2011 ఏప్రిల్‌లో దివాలా రక్షణ కోరుతూ కోర్టుకెక్కింది. జర్మనీలో వంద పైచిలుకు ఆర్కెస్ట్రాలు నిలబడ్డాయంటే నగరాలు, రాష్ట్రాలు ఏటా తమ బడ్జెట్లో వాటికి వాటా రాస్తున్నందువల్లే. కళాకారులు బద్ధకించారనో జనానికి రుచి పోయిందనో అనేవాళ్లు ఈ లెక్క చూడాలి.

అపోహ: సాంస్కృతిక సారథి ఉంది కదా!

రాష్ట్రం వచ్చాక ఏర్పడిన తెలంగాణ సాంస్కృతిక సారథిలో 550 మందికి జీతంతో కొలువులు వచ్చాయి. ఉద్యమంలో గజ్జె కట్టి పాడినవాళ్లకు అది న్యాయమైన గుర్తింపే. కాకపోతే వాళ్ల ప్రధానమైన పని ప్రభుత్వ పథకాల ప్రచారం. పింఛను మీద పాట రాయడం వేరు, తాత నేర్పిన యక్షగానాన్ని మనవడి చేతిలో పెట్టడం వేరు.

అపోహ: భూపాలపల్లిలో బొగ్గు డబ్బుంది, వాళ్లకేం లోటు?

బొగ్గు డబ్బు ఒక్క సంచిలో ఉండదు. 2015లో గనుల చట్టాన్ని సవరించి పెట్టిన జిల్లా ఖనిజ ఫౌండేషన్ నిధి గనుల వల్ల నష్టపోయిన ప్రాంతాల కోసం. అందులో పెద్ద భాగం తాగునీరు, వైద్యం, చదువు, పర్యావరణం లాంటివాటికే పోవాలి. దుమ్ము పీల్చే ఊళ్లకు అదే సబబు కూడా. ఆ నిధిలోంచి మేళానికి ఇవ్వమని నేనైతే అడగను. అడగాల్సిన చోటు వేరే ఉంది. కంపెనీల చట్టం, 2013 ప్రకారం పెద్ద కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో కనీసం 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి. ఏయే పనులకు పెట్టవచ్చో చెప్పే ఏడో షెడ్యూల్లో సంప్రదాయ కళల ప్రోత్సాహం అని స్పష్టంగా రాసి ఉంది. ఆ వాక్యం పట్టుకుని బొగ్గు కంపెనీ సింగరేణికి దరఖాస్తు రాయగలిగే మనిషి చాలా బృందాలకు లేడు. సంఘం రిజిస్ట్రేషన్, పాన్ కార్డు, ఆడిట్ లెక్కలు అడిగితే అక్కడే ఆగిపోతారు. జిల్లా యంత్రాంగం ఒక గుమస్తాను నెలలో రెండు రోజులు కూర్చోబెడితే తీరే ఇబ్బంది ఇది.

అపోహ: మంచి ఆడిటోరియం కడితే కళలు వాటంతటవే బతుకుతాయి.

హనుమకొండలో కాళోజీ కళాక్షేత్రానికి 2014 సెప్టెంబర్ 9న, కాళోజీ శతజయంతి నాడు శంకుస్థాపన జరిగింది. 2024 నవంబర్ 19న తలుపులు తెరుచుకున్నాయి. పదేళ్లు పట్టింది. ఓరుగల్లుకు అలాంటి చోటు ఉండాల్సిందే. అయితే డోర్నకల్ నుంచో మహదేవపూర్ నుంచో బృందం అక్కడికి రావడానికి బండి కిరాయి, ఆ పూట పోయే కూలి భవనం ఖర్చులో ఉండవు. పైగా చిందు ఆట, ఒగ్గుకథ పుట్టింది వాడల్లో, జాతర్లలో. మహబూబాబాద్ జిల్లా కురవి వీరభద్రుడి జాతరకొచ్చే జనాన్ని ఏ ఆడిటోరియమూ పట్టలేదు.

అపోహ: చిన్న మున్సిపాలిటీకి ఇది తలకు మించిన భారం.

లెక్క వేసి చూద్దాం. పది మంది బృందం, మనిషికి రాత్రికి 1,500 చొప్పున 15 వేలు. బండికి, మైకుకు, భోజనాలకు మరో 5 వేలు. నెలకొక రాత్రి, ఒక్కోసారి ఒక్కో వాడలో, ఏడాదికి 12 రాత్రులు. మొత్తం 2 లక్షల 40 వేల రూపాయలు. ఒక్క గల్లీలో సీసీ రోడ్డుకు ఇంతకన్నా ఎక్కువే అవుతుంది.

2020లో ఎన్నికైన పాలకవర్గాల గడువు 2025 జనవరిలో ముగిసి, పట్టణాలు ప్రత్యేకాధికారుల చేతిలోకి వెళ్లినప్పుడు అడగడానికి కౌన్సిలరు కూడా లేకుండా పోయాడు. అధికారి ఉన్నా పాలకవర్గం ఉన్నా ప్రతి ఏటా బడ్జెట్ మాత్రం తయారవుతుంది. అందులో "సంప్రదాయ కళా బృందాలు" అని ఒక పద్దు, దాని ఎదురుగా 2,40,000 అని ఒక అంకె రాయాలి. ఎమ్మెల్యే మారినా, కమిషనర్ బదిలీ అయినా వచ్చే ఏడు ఆ పద్దు తీసేయాలంటే ఎందుకు తీస్తున్నారో ఎవరో ఒకరు నోరు విప్పి చెప్పాల్సి వస్తుంది.

ఆ ఇంట్లో పెట్టె మళ్లీ అటక ఎక్కించేటప్పుడు నేనూ ఒక చెయ్యి వేశాను. కర్ర తేలికైనదే గానీ నగలన్నీ కలిసి బాగానే బరువున్నాయి. ఇద్దరం కష్టపడి ఎత్తాం. పెద్దాయన మూత మీద దుమ్ము కండువాతో తుడిచి, ఎలుకలు పడకుండా చుట్టూ వేపాకు పెట్టాడు.