కాలేయము మెదడున కంపు వార్త

ఇచ్చోడ ప్రాంతమున ప్రత్తి తీయు దినములలో ఇల్లాండ్రు కోడికూతకే లేచి, వంట ముగించి, అందఱికిని సద్ది కట్టి, తాము మాత్రము చాయ త్రాగి చేనికి బయలుదేఱుట మన మెఱిగినదే. వారిలో మధుమేహమునకు మాత్రలుగాని, ఇన్సులిన్ సూదిమందుగాని వాడువా రుందురు. మందు వేళకు పడును. అన్నము వేళ తప్పును. ప్రొద్దెక్కునప్పటికి చేతులు వణకును, చెమట పోయును, గుండె దడదడలాడును. ఎండదెబ్బ యని తలంచి చెట్టునీడకు పోయి కూర్చుందురు. అది ఎండదెబ్బ కాకపోవచ్చును. రక్తములో చక్కెర తఱుగుటచే దేహము పెట్టు మొఱ కావచ్చును. ఆ మొఱ ఎట్లు పుట్టునో గృహిణి తెలిసికొనుట మేలు.

మన మారగించిన జొన్నరొట్టెయు నన్నమును ప్రేవులలో చక్కెరగా మాఱి, యొక పెద్దసిరగుండ మొదట కాలేయమును చేరును. కాలేయము మిగిలిన చక్కెరను గ్లైకోజన్ అను పదార్థముగా మార్చి దాచును. 1857లో ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు క్లాడ్ బెర్నార్డు ఈ పదార్థమును కాలేయమునుండి వేఱుపఱచెను. భోజనానంతరము పెద్దవారి కాలేయమున ఈ నిలువ యించుమించు 100 గ్రాము లుండును. రాత్రివేళ మెదడునకు చక్కెర నందించు గుమ్మి యిదియే.

అయితే కాలేయము గుమ్మి మాత్రమే కాదు, కావలివాడును. ఆ పెద్దసిరయందు చక్కెర పాలును కనిపెట్టు నరములు గలవు. చక్కెర తఱిగినచో అవి మెదడునకు వార్త పంపును. మెదడు ఆజ్ఞాపింపగా మూత్రపిండములపై నున్న గ్రంథులు ఎడ్రినలిన్ అను హార్మోనును విడుచును. క్లోమమునుండి గ్లూకగాన్ వెలువడును. ఇవి కాలేయమును తట్టిలేపి, దాచిన చక్కెరను రక్తములోనికి తెప్పించును. వణకును, దడయు ఎడ్రినలిన్ చేయు పనులే. చక్కెర మెల్లగా తఱుగునపుడు ఈ సిరలోని నరములే ముఖ్యమని ఎలుకలపై జరిపిన పరిశోధనలవలన తేలినది.

2016లో అమెరికాలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయ పండితులు మఱియొక విశేషమును ప్రకటించిరి. వారు శునకముల కాలేయములలో నిలువ హెచ్చించి, పిదప ఇన్సులిన్‌తో రక్తపు చక్కెరను తగ్గించిరి. అపుడు గ్లూకగానును, ఎడ్రినలినును ఎక్కువగా వెలువడెను. కాలేయపు నరములను త్రెంచినచో ఆ హెచ్చు మాయమయ్యెను! అనగా గుమ్మి నిండియున్నపుడు కావలివాని కేక బిగ్గరగా నుండెననుట. శునకముల సంగతి యంతయు మనకు వర్తించునని తొందరపడి చెప్పరాదు. కాని నిరాహారముగా నున్న దేహమున నిలువ తఱుగుట మాత్రము నిశ్చయము. వట్టికడుపున ఇప్పసారా త్రాగినచో కాలేయము క్రొత్త చక్కెరను చేయజాలక, యాపద మఱింత పెరుగును.

కావున మధుమేహమునకు మందు వాడువారు భోజనవేళ తప్పరాదు. ఉపవాస ముండదలచినచో ముందుగా వైద్యుని సలహా పొందవలెను. రక్తములో చక్కెర డెసిలీటరునకు 70 మిల్లీగ్రాములకంటె తగ్గినచో, మూడు చిన్నచెంచాల చక్కెర నీళ్లలో కలిపి త్రాగి, 15 నిమిషముల పిమ్మట మరల పరీక్షించుకొనవలెను. చక్కబడిన పిదప భుజింపవలెను. తెలివి తప్పినవారి నోట ఏమియు పోయరాదు. వెంటనే 108ని పిలువవలెను. మాటిమాటికి చక్కెర తఱుగుచున్నచో ఈ హెచ్చరికలే క్రమముగా మందగించును. వణకు లేదు గదా యని ఉపేక్షింపరాదు.

అందఱికిని సద్ది కట్టు చేయి తనకొఱకును ఒక రొట్టె కట్టుకొనుట స్వార్థము కాదు, ఇంటి క్షేమమే.