కూల్చడానికి వెళ్లాను... కొలతలు తీసుకుని వచ్చాను!

పోయిన ఎండాకాలం మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో ఒక వీడియో వచ్చింది. కోనసీమలో మా ఊరి ఇల్లు అది. వెనక గోడ పెచ్చులూడి, ఇటుకలు పొడిపొడిగా రాలుతున్నాయి. కింద పెదనాన్న వాయిస్ మెసేజ్: "ఇక లాభం లేదమ్మా. నువ్వు ఇంజనీరువి కదా, ఒకసారి వచ్చి చూడు. కూల్చేద్దామంటే కూల్చేద్దాం."

నేను హైదరాబాద్‌లో సైట్ ఇంజనీర్‌ని. వయసు 27. రోజంతా పిల్లర్లు, స్లాబ్‌ల మధ్యే. పాత ఇల్లు రీల్స్‌కి బాగుంటుంది తప్ప ఉండటానికి పనికిరాదని నా గట్టి నమ్మకం. అందుకే తీర్పు ముందే ఖాయం చేసుకుని బస్సెక్కాను.

తిరిగొచ్చేసరికి ఆ తీర్పు సగం మారింది. సగమే! ఎందుకో చెబుతాను.

గుమ్మం మీద 1912

మాది మండువా లోగిలి. మధ్యలో ఆకాశం కనిపించే ఖాళీ స్థలం, చుట్టూ వసారాలు, వాటి వెనక గదులు. కప్పు నాలుగు వైపుల నుంచీ లోపలికి వాలి ఉంటుంది. వాన నీళ్లు మండువాలో పడి తూము గుండా బయటికి పోతాయి. వీధి గుమ్మం పైచెక్క మీద 1912 అని చెక్కి ఉంది.

కట్టించింది మా ముత్తాత. రంగూన్‌లో సంపాదించిన డబ్బుతో కట్టారట. ఆ రోజుల్లో మన తీరం నుంచి చాలామంది ఓడెక్కి బర్మా వెళ్లేవారు. అప్పటికి బర్మా కూడా బ్రిటిష్ ఇండియాలో భాగమే, 1937లో వేరైంది. మా ఇంటి స్తంభాలూ దూలాలూ అక్కడి టేకే. పైన ఉన్నవి మంగళూరు పెంకులు, మా ఊళ్లో బంగాళా పెంకులంటారు. 1860ల్లో బాసెల్ మిషన్ వాళ్లు మంగళూరులో ఫ్యాక్టరీ పెట్టి, ఒకే సైజులో ఈ పెంకులు చేయడం మొదలుపెట్టారు.

అంటే మనం 'అచ్చమైన పల్లెటూరి ఇల్లు' అని ఫొటోలు తీసుకునే ఇంటికి కలప సముద్రం దాటి వచ్చింది, పెంకు ఫ్యాక్టరీలో తయారైంది. 1912లో అది లేటెస్ట్ మోడల్ అన్నమాట!

సిమెంటు లేకుండా నిలబడిందెలా?

పోర్ట్‌లాండ్ సిమెంటుకు ఇంగ్లండ్‌లో జోసెఫ్ ఆస్ప్‌డిన్ పేటెంట్ తీసుకున్నది 1824లో. మన దేశంలో పోర్‌బందర్ ఫ్యాక్టరీలో ఉత్పత్తి మొదలైంది 1914లో. మా ఇల్లు అంతకంటే రెండేళ్లు పెద్దది. మరి ఇటుకల్ని పట్టి ఉంచింది ఏమిటి? గానుగ సున్నం.

గోడ చూడటానికి పెదనాన్న ఒక తాపీమేస్త్రిని పిలిపించారు. డెబ్బై దాటిన మనిషి. చిన్నప్పుడు వాళ్ల నాన్నతో కలిసి సున్నం పని చేశారు. "ఆయ్, సిమెంటు బస్తా విప్పగానే పని మొదలండి. సున్నం అలా కాదండి అమ్మాయిగారూ, ముందు దాన్ని సాకాలి" అన్నారు నవ్వుతూ.

ఆ సాకడం ఎలాగంటే... సున్నపు రాయినో, తీరంలో దొరికే గుల్లలనో బట్టీలో 900 డిగ్రీల దాకా కాలుస్తారు. తర్వాత నీళ్లు పోస్తే కుతకుత ఉడికి మెత్తబడుతుంది. దాన్ని ఇసుకతో కలిపి గుండ్రటి గానుగలో వేసి, ఎద్దులతో రాతి చక్రం లాగించి వెన్నలా నూరుతారు. కొన్నిచోట్ల బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు కూడా కలిపేవారు. గోడలోకి వెళ్లాక అది గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుంటూ మెల్లగా మళ్లీ రాయిలా మారుతుంది. దానికి నెలలు, ఏళ్లు కూడా పడుతుంది.

సిమెంటు తయారీకి దాదాపు 1450 డిగ్రీల వేడి కావాలి. అది నీటితో కలిసి గంటల్లో బిగుసుకుంటుంది. మేం లెక్కల్లో 28 రోజుల బలాన్ని ప్రమాణంగా తీసుకుంటాం. ఒకదానికి ఏళ్లు, ఇంకోదానికి 28 రోజులు! అసలు తేడా ఇక్కడే ఉంది.

పది అడుగుల గదికి లెక్క

టేపు తీసి గోడ కొలిచాను. అడుగున్నర మందం. ఈ ఇంట్లో పిల్లర్లు లేవు, కప్పు బరువంతా ఈ గోడలే మోస్తాయి. కింద పునాది మెట్లు మెట్లుగా వెడల్పవుతూ బరువును నేలకు పంచుతుంది. ఇప్పటి ఇళ్లలో బరువు మోసేది పిల్లర్లు, బీములు. గోడ కేవలం అడ్డుతెర లాంటిది. అందుకే తొమ్మిది అంగుళాలున్నా, నాలుగున్నర ఉన్నా సరిపోతుంది.

చిన్న లెక్క చూడండి. లోపల 10 బై 10 గది కావాలనుకోండి. చుట్టూ అడుగున్నర గోడ కడితే 169 చదరపు అడుగుల స్థలం పోతుంది. తొమ్మిది అంగుళాల గోడైతే 132 చాలు. గజాల లెక్కన స్థలం కొనే హైదరాబాద్‌లో ముత్తాత గోడ ఎవరూ భరించలేరు. పైగా అలాంటి గోడల మీద అంతస్తు మీద అంతస్తు వేసుకుంటూ పోతే, కింద గోడలు ఇంకా లావవ్వాలి.

అయితే ఆ లావు ఊరికే పోలేదు. బయట మే నెల ఎండ మండుతోంది, నేను నట్టింట్లో ఫ్యాన్ లేకుండా కూర్చున్నాను. మందపు గోడ పగటి వేడిని లోపలికి చాలా ఆలస్యంగా పంపుతుంది. వేడెక్కిన గాలి మండువా మీదుగా, పెంకుల సందుల్లోంచి పైకి పోతుంది. నా ఫ్లాట్ టాప్ ఫ్లోర్‌లో ఉంది. పగలంతా కాలిన స్లాబ్ రాత్రి పన్నెండింటికి కూడా నెత్తి మీద పెనంలా ఉంటుంది. ఈఎంఐతో పాటు కరెంటు బిల్లూ కడుతున్నాను.

గోడను చంపింది ఎవరు?

అసలు సంగతికొస్తాను. వీడియోలో కనిపించిన వెనక గోడ దగ్గర మేస్త్రి ఉలి పెట్టి కొట్టారు. పైన గట్టి సిమెంటు ప్లాస్టరింగ్, దాని మీద ఎనామిల్ పెయింటు. ఆ పెచ్చు ఊడగానే లోపల ఇటుకలు తడితడిగా, వేలితో గీకితే రాలేలా ఉన్నాయి. పక్కనే, ఎవరూ ముట్టుకోని పాత సున్నపు గోడ మాత్రం ఎండిపోయి గట్టిగా ఉంది.

"ఈ సిమెంటు ఎప్పుడు చేయించారండి?" అనడిగారు మేస్త్రి. పెదనాన్న కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా "నేనేనయ్యా, 1998లో. గట్టిగా ఉంటుందని..." అన్నారు.

జరిగింది ఇది. పాత ఇళ్లలో నేల తేమ గోడలోకి ఎక్కుతుంది. సున్నపు పూత ఉంటే ఆ తేమ గోడ పైనుంచి ఆవిరైపోతుంది. సిమెంటు, పెయింటు దానికి మూత బిగించాయి. తేమ, దానితో వచ్చిన ఉప్పు లోపలే ఉండిపోయి ఇటుకను తినేశాయి. పాత ఇల్లు ముసలితనంతో పోతోందనుకుని వచ్చాను. మేం చేసిన రిపేరే దాన్ని పాడుచేసింది.

'అప్పటి ఇళ్లే గట్టివి' నిజమేనా?

ఇక్కడికి ఆపేస్తే మీకు ఇంకో వాట్సాప్ ఫార్వర్డ్ తయారవుతుంది. అందుకే రెండో వైపు కూడా చూద్దాం.

1912లో మా ఊళ్లో ఇలాంటివి ఎన్ని ఇళ్లు ఉండి ఉంటాయి? రెండో మూడో. మిగతావన్నీ మట్టి గోడలు, తాటాకు కప్పులు. మా ఇంటికి ఇటుకలు మోసిన కూలీలు, సున్నం నూరినవాళ్లు సాయంత్రం వెళ్లింది ఆ పూరిళ్లకే. అవేవీ ఇప్పుడు లేవు. మిగిలిన ఒకటీ రెండూ చూసి 'పాతకాలం ఇళ్లు గట్టివి' అంటున్నాం. గట్టివి మిగిలాయి, బలహీనమైనవి పోయాయి... అంతే.

మా తీరం వాళ్లకి ఈ విషయం ఇంకా బాగా తెలుసు. 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడి వేలమంది చనిపోయారు. ఆ తర్వాత తీరం వెంబడి తుపాను షెల్టర్లు కట్టింది కాంక్రీటుతోనే.

మందం గోడ ఉంటే చాలనుకోవడమూ తప్పే. పక్కనే ఉన్న మరాఠ్వాడాలో 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున లాతూరు భూకంపం వచ్చింది. అక్కడ మట్టితో పేర్చిన మందపాటి రాతి గోడలు నిద్రలో ఉన్నవాళ్ల మీద కూలాయి. సుమారు 10 వేల మంది పోయారు. గోడ బరువు మోయడం వేరు, పక్కకు ఊగినప్పుడు తట్టుకోవడం వేరు. ఆ ఊపును తట్టుకునే గుణాన్ని ఇచ్చేది కాంక్రీటులోని ఇనుమే. సరిగ్గా డిజైన్ చేసి, సరిగ్గా కడితేనే!

ఆ 'సరిగ్గా' అన్నచోటే నాకు గొంతులో ముల్లు గుచ్చుకుంది.

నా సంతకం

ఆ ఊరు వెళ్లడానికి రెండు నెలల ముందు నా సైట్‌లో ఒక స్లాబ్ వేశాం. కాంక్రీటు వేశాక మడులు కట్టి నీళ్లు నిలపాలి. మన ఐఎస్ 456 కోడ్ ప్రకారం మామూలు సిమెంటుకైతే కనీసం 7 రోజులు, ఫ్లైయాష్ లాంటివి కలిసిన సిమెంటుకు కనీసం 10 రోజులు తడి ఆరకూడదు. మాది ఆ రెండో రకం. నాలుగో రోజు ట్యాంకర్ రాలేదు. ఐదో రోజూ రాలేదు. పై పని ఆగకూడదన్నారు. రిజిస్టర్‌లో '10 రోజులు' అని రాసి సంతకం పెట్టింది నేనే.

ఏమీ కూలలేదు. రేపు కూడా కూలకపోవచ్చు. కానీ సరిగ్గా తడవని కాంక్రీటులో సన్న రంధ్రాలు ఎక్కువగా మిగిలిపోతాయి. గాలి, తేమ లోపలికి పోయి ఊచలను చేరతాయి. ఇనుము తుప్పు పడితే ఉబ్బుతుంది, ఉబ్బి కాంక్రీటును పగలగొడుతుంది. మీ పాత అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో పైకి చూడండి. ఎర్రగా ఊచలు బయటపడ్డ చోటు ఉంటే చాలావరకు కథ ఇదే.

మేస్త్రికి ఇదంతా చెప్పలేదు. ఆయనే గోడ తడుముతూ అన్నారు: "సున్నం పని తప్పు చేస్తే వారంలో తెలిసిపోద్దండి, చేతికే రాలిపోద్ది. సిమెంటు తప్పు పదేళ్లకి గానీ బయటపడదు. అప్పటికి కట్టినోడు ఎక్కడుంటాడో!"

నాన్నమ్మ ఓటు

సాయంత్రం అందరం అరుగు మీద కూర్చున్నాం. ఇల్లు ఉంచేద్దామని నేను పెద్ద లెక్చర్ ఇచ్చాను. ఆ ఇంట్లో ఒంటరిగా ఉండేది మా నాన్నమ్మ. 82 ఏళ్లు. అంతా విని ఒక్క మాట అంది: "మీకు ఫొటోలకి బానే ఉంటుందే. అర్ధరాత్రి వానలో మండువా దాటి బాత్రూంకి నడిచేది నేను."

నోరు మూతపడింది. ఏటా పెంకులు తిరగేయించేది ఎవరు? చెదలు చూసుకునేది ఎవరు? పాత ఇల్లు వందేళ్లు నిలిచిందంటే, ప్రతి ఏడూ ఎవరో ఒకరు దానికి సేవ చేశారన్నమాట. అది కూడా ఖర్చే. ఎక్కువగా ఇంటి ఆడవాళ్లు కట్టిన ఖర్చు.

చివరికి తేల్చింది ఇది. ముందు భాగం, మండువా ఉంటాయి. గోడల సిమెంటు ఊడదీసి, ఇటుకలు ఆరనిచ్చి, మళ్లీ సున్నంతోనే పూత. పాడైన వెనక వంటిల్లు తీసేసి, పాత గోడకు తగలకుండా విడిగా పిల్లర్ల మీద రెండు గదులు. నాన్నమ్మ పడకగదికి ఆనుకునే బాత్రూం, లోపల పట్టుకోవడానికి రాడ్లు, గడప లేని తలుపు. సున్నం పనికి సమయం ఎక్కువ పడుతుంది, తెలిసిన మేస్త్రులు దొరకడమూ కష్టమే. అయినా బాబాయ్ కూడా సరే అన్నాడు.

మీ ఇంట్లో పని జరుగుతుంటే...

ఫోన్ మీ చేతిలోనే ఉంది కాబట్టి నాలుగు విషయాలు.

సున్నంతో కట్టిన పాత గోడకు సిమెంటు పూయించకండి. ముందు ఆ తేమ ఎక్కడినుంచి వస్తోందో కనుక్కోండి.

స్లాబ్ వేసే ముందు ఊచల కింద కవర్ బ్లాకులు ఉన్నాయో లేదో చూడండి. మామూలుగా స్లాబ్‌కి 20 మిల్లీమీటర్లు, పిల్లర్‌కి 40, పునాదికి 50 వదలాలి. సముద్రం దగ్గరైతే ఇంకా ఎక్కువ.

కాంక్రీటు పల్చగా జారాలని మేస్త్రి అదనంగా నీళ్లు పోస్తుంటే ఆపండి. పని సులువవుతుంది, బలం పోతుంది.

నీళ్లు నిలిపిన ప్రతి రోజూ ఒక ఫొటో తీయండి. తేదీతో సహా.

ఆ నాలుగోది నేను సోమవారం సైట్‌కి రాగానే మొదలుపెట్టాను. మా సార్‌కి ఆ పాత స్లాబ్ సంగతి కూడా చెప్పేశాను. తిట్టారు. తర్వాత కాంక్రీటు గట్టితనం చూసే టెస్టుకు ఒప్పుకున్నారు. రిపోర్టు ఇంకా రావాలి.

ఈ వారం రిజిస్టర్‌లో ఒక రోజు 'నీళ్లు లేవు' అని రాసి, దాని కిందే సంతకం పెట్టాను.