పండ్ల బుట్ట తెచ్చే ముందు సిస్టరుని ఒక మాట అడగండి



తపస్కాలం మొదలైందంటే ఆదివారం మధ్యాహ్నం నుంచి మన ఆసుపత్రి గేటు దగ్గర సందడే సందడి. దివ్యపూజ ముగించుకుని మచిలీపట్నం, గుడివాడ, అవనిగడ్డ వైపు నుంచి మరియదళం సభ్యులు, యువజనులు, సత్యోపదేశం పిల్లలు ఆటోలలో దిగుతారు. చేతుల్లో అరటి గెలలు, బత్తాయిలు, రొట్టె పొట్లాలు, కొబ్బరి బోండాలు! ఫిబ్రవరి 11న లూర్దుమాత పండుగ నాడూ ఇంతే. పునీత రెండవ జాన్ పాల్ పోపుగారు 1992లో ఆ రోజును ప్రపంచ వ్యాధిగ్రస్తుల దినంగా ప్రకటించారు. 1993 నుంచి ఏటా జరుపుకుంటున్నాం. వ్యాధిగ్రస్తులను దర్శించడం మన విశ్వాసంలో దయాకార్యం. మీరు రావడం మానవద్దు. కానీ ఆ బుట్ట మంచం దాకా వెళ్లేలోపు మీకు తెలియవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి.

ముందుగా మూత్రపిండాల రోగుల గురించి చెప్పాలి. ఆరోగ్యవంతుల శరీరంలో ఎక్కువైన పొటాషియం అనే లవణాన్ని మూత్రపిండాలు బయటకు పంపిస్తాయి. అవి పనిచేయనివారిలో అది రక్తంలోనే నిలిచిపోతుంది. ఒక మోస్తరు అరటిపండులో సుమారు 400 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. పెద్ద గ్లాసు కొబ్బరినీళ్లలో 500 పైమాటే. డయాలసిస్ రోగికి రోజంతటికీ కలిపి సాధారణంగా 2000 మిల్లీగ్రాములకు మించనివ్వరు. అన్నం, పప్పు, కూరలలో వచ్చేది కూడా ఆ లెక్కలోనిదే. మీరు ప్రేమతో ఇచ్చిన రెండు అరటిపండ్లు, ఒక బోండాం ఆ రోగి మొహమాటానికి పుచ్చుకున్నాడనుకోండి, ఆ రోజు లెక్క అక్కడే తప్పుతుంది. రక్తంలో పొటాషియం బాగా పెరిగితే కాళ్లు చేతులు నీరసిస్తాయి, గుండె లయ తప్పుతుంది. ఒక్కోసారి ముందస్తు సూచన ఏదీ లేకుండానే గుండె ఆగిపోతుంది. కొబ్బరినీళ్లు చలవ చేస్తాయి, అందరికీ మంచివే అని మన డెల్టాలో గట్టి నమ్మకం. ఈ ఒక్క రోగి విషయంలో ఆ నమ్మకాన్ని పక్కన పెట్టండి.

పక్షవాతం వచ్చినవారిలో కొందరికి మింగడం కష్టం. పొడి రొట్టె ముక్క ఊపిరితిత్తులలోకి జారితే న్యుమోనియా వస్తుంది. మరునాడు ఆపరేషను ఉన్నవారికి కొన్ని గంటల ముందు నుంచి ఏమీ పెట్టకూడదు. మంచానికి బోర్డు కట్టే ఉంటుంది, కానీ పదిమంది ఒక్కసారి వార్డులోకి వచ్చినప్పుడు ఆ బోర్డు ఎవరు చూస్తారు? ఫోటోల సంగతి కూడా ఒక మాట. గౌను సరిగా కట్టుకోని స్థితిలో, మూత్రపు సంచి పక్కన వేలాడుతుండగా, చేతిలో ఆపిల్ పెట్టి ఫోటో తీస్తే ఆ మనిషికి ఎలా ఉంటుంది? రహస్యంగా దానం చేయమని ప్రభువు చెప్పిన సంగతి మనకు తెలియనిది కాదు.

అయితే ఏం తేవాలి? దీనికి జవాబు మన పల్లెల్లో ఎప్పటినుంచో ఉంది. ఎసట్లో బియ్యం పోసేటప్పుడు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేసి, ఆదివారం గుడికి పట్టుకెళ్లే అలవాటు చాలా క్రైస్తవ ఇళ్లలో చూసి ఉంటారు. పూట కూలి మీద బతికే ఇల్లాలు కూడా ఇవ్వగలిగిన దానం అది. తాము తినేదానిలోంచి తీసి ఇస్తారు, ఏడాదికొకసారి కాకుండా ప్రతిరోజూ ఇస్తారు. ఆసుపత్రికి అటువంటి దానమే కావాలి. రోగికి భోజనం మేము చూసుకుంటాం. కానీ పక్కన కూర్చున్న భార్యో, తల్లో ఏం తింటున్నదో చాలామంది గమనించరు. రోగి పళ్లెంలో మిగిలింది తిని, మంచం కింద చీర పరచుకుని పడుకునే అమ్మలను మా నర్సులు రోజూ చూస్తుంటారు. గుడిలో పోగైన పిడికెడు బియ్యంలోంచి నెలకొక బస్తా వచ్చినా వారికి ఒక పూట వేడి అన్నం దొరుకుతుంది.

డయాలసిస్ అంటే మామూలుగా వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. నాగాయలంక, కోడూరు మండలాల మూలగ్రామాల నుంచి వచ్చేవారికి రాకపోకలతో రోజంతా పోతుంది. ఆడవారికి 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద ఆర్టీసీ బస్సులలో ఉచిత ప్రయాణం మొదలైంది. మంచిదే. మరి ఊరి నుంచి బస్సు దగ్గరకు ఆటో, మగ రోగికి టికెట్టు, తోడు వచ్చినవారి ఒక రోజు కూలి? డయాలసిస్ రోగులకు ప్రభుత్వం నెలకు 10,000 రూపాయల పింఛను పెట్టింది. ఇంట్లో సంపాదించే మనిషే మంచాన పడితే ఇల్లంతా ఆ డబ్బు మీదే నడవాలి. చేతిలో డబ్బు లేక ఒక విడత మానేస్తే, రెండు రోజులలో ఒళ్లంతా నీరు పట్టి, ఆయాసంతో అర్ధరాత్రి ఎమర్జెన్సీకి వస్తారు. నాలుగు పండ్ల బుట్టల ఖర్చుతో ఒక రోగికి కొన్ని వారాల ఆటో చార్జీలు వెళ్లిపోతాయి.

పింఛనుకు అర్హత ఉండి కూడా కాగితాలు తిరగలేక వదిలేసినవారు ఉంటారు. ఇక్కడ విన్సెంట్ డి పాల్ సంఘం సభ్యులను ప్రత్యేకంగా కోరుతున్నాను. 1833లో పారిస్‌లో ఫ్రెడరిక్ ఓజానాం అనే విద్యార్థి, అతని మిత్రులు ప్రారంభించిన సంఘం అది. పేదల ఇంటికి వెళ్లి, కూర్చుని, వారి అవసరం కనుక్కోవడం దాని పద్ధతి. చదువుకున్న ఒక యువకుడు రోగిని వెంటబెట్టుకుని సచివాలయానికి వెళ్లి దరఖాస్తు పూర్తి చేయిస్తే, ఆ ఒక్క పూట శ్రమ ఆ ఇంటికి నెలనెలా అన్నం పెడుతుంది.

ఇక గుణదల మొక్కులు. 1924లో ఫాదర్ అర్లాటిగారు కొండమీద మరియమాత స్వరూపాన్ని నెలకొల్పిన నాటి నుంచి గుణదల మన అందరి పుణ్యక్షేత్రం. ఫిబ్రవరి 9, 10, 11 తేదీల ఉత్సవాలకు కాలినడకన వెళ్లేవారు ఎందరో. షుగరు వల్ల పాదాలు తిమ్మిరెక్కినవారు చెప్పులు లేకుండా ఆ నడక నడవకండి. మేకు దిగినా తెలియదు. పుండు పడి, కుళ్లి, చివరికి వేలు తీసేయవలసి వస్తుంది. మొక్కు తప్పితే దోషమేమోనని భయపడేవారికి ఒక మాట. సొంతంగా చేసుకున్న మొక్కును దానికంటే మేలైన, లేదా దానితో సమానమైన పుణ్యకార్యంగా మొక్కుకున్నవారే మార్చుకోవచ్చని శ్రీసభ చట్టమే చెబుతోంది. తగిన కారణం ఉంటే ఆ మొక్కు నుంచి విడుదల ఇచ్చే అధికారం విచారణ గురువులకు ఉంది. వారిని అడగండి. బస్సులో కొండకు వెళ్లి, నడక బదులు ఒక రోగి ఆటో చార్జీ పెట్టుకోండి.

విపత్తు వేళ కూడా ఇదే మాట. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు నేను చిన్నపిల్లను. ప్రభుత్వ లెక్కల్లోనే సుమారు 10 వేల ప్రాణాలు పోయాయి. బావులన్నీ ఉప్పునీటితో నిండిపోయాయి. ఎక్కడెక్కడి నుంచో బట్టల మూటలు వచ్చినా, ముందు కావలసినవి తాగేనీళ్లు, బ్లీచింగు పౌడరు, శవాలను పూడ్చిపెట్టే చేతులు అని మా పెద్దలు చెప్పేవారు. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద దిగువకు వచ్చింది. అలా నీరు చుట్టుముట్టినప్పుడు పులిహోర పొట్లాలు త్వరగానే చేరతాయి. తడిసిపోయిన బీపీ, షుగరు మాత్రలు, చల్లగా ఉంచవలసిన ఇన్సులిన్, ఆడపిల్లలకు శానిటరీ ప్యాడ్లు ఎవరికీ గుర్తుకు రావు.

రక్తదానం సంగతి చెప్పి ముగిస్తాను. పండుగ రోజు శిబిరం పెట్టి అరవై మంది ఒకేసారి ఇవ్వడం గొప్పగానే ఉంటుంది. కానీ ఎర్రకణాలు 35 నుంచి 42 రోజులే నిలవ ఉంటాయి, ప్లేట్‌లెట్లు 5 రోజులే. పండుగ అయిన రెండు నెలలకు కాన్పులో రక్తస్రావమైన తల్లికి ఆ రక్తం అందదు. కాబట్టి విచారణవారీగా నెలకు నలుగురైదుగురు వంతులు వేసుకోండి. వయసు 18 నుంచి 65 లోపు, బరువు కనీసం 45 కిలోలు, హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి. మగవారు మూడు నెలలకు, ఆడవారు నాలుగు నెలలకు ఒకసారి ఇవ్వవచ్చు. ఇన్సులిన్ తీసుకునేవారు ఇవ్వకూడదు.

ఏ వార్డుకు ఈ వారం ఏం కావాలో అక్కడి ఇన్‌చార్జి సిస్టరు చెబుతారు. ఇద్దరు ముగ్గురుగా, సాయంత్రం దర్శన వేళలో రండి. దాతల పుస్తకం రిసెప్షన్ కౌంటరులో పెట్టాం. పేరు, బ్లడ్ గ్రూపు, ఫోను నంబరు, కిందటిసారి రక్తం ఇచ్చిన తేదీ రాసి వెళ్లండి. అవసరమైన రోజు మేమే ఫోను చేస్తాం.